ఈ ఇంటిపేరు ఎవరిది?

సింగ్‌మన్ రీ దక్షిణ కొరియాకు మొదటి అధ్యక్షుడు. 2008లో లీ మ్యుంగ్ బాక్, 2025లో లీ జే మ్యుంగ్ అదే పదవికి వచ్చారు. పదహారో శతాబ్దం చివర జపాను నౌకాదళాన్ని చావుదెబ్బ కొట్టిన సేనాని యీ సున్ షిన్. ఉత్తర కొరియా అధినేత భార్య రి సోల్ జు. ఇంగ్లీషువాళ్లు వీళ్ల ఇంటిపేర్లను నాలుగు రకాలుగా రాస్తారు, వాళ్లను చూసి మనమూ అలాగే రాస్తాం. చైనా లిపిలో రాస్తే మాత్రం అయిదుగురికీ ఒకటే అక్షరం. ఒకటే ఇంటిపేరు.

ఆ అక్షరంలో పైన చెట్టు గుర్తు, కింద బిడ్డ గుర్తు ఉంటాయి. అర్థం ఆల్బకరా చెట్టు. చైనాలో దాన్ని ‘లి’ అంటారు. కొరియాకు వచ్చేసరికి ‘రి’ అయింది. అయితే కొరియా భాషకు ఒక అలవాటుంది. మాట మొదట్లో ‘ఇ’కి ముందు ఆ రకారం వస్తే నాలుక దాన్ని వదిలేస్తుంది. అలా ‘ర’ ఊడిపోయి ‘ఈ’ మిగిలింది. దక్షిణాదిన పలికేదీ, రాసేదీ అదే. ఉత్తరాది ప్రభుత్వం మొదటి శబ్దాన్ని వదలకూడదని నియమం పెట్టుకుంది కాబట్టి అక్కడ ‘రి’. అన్నదమ్ములు సరిహద్దుకు అటొకరు, ఇటొకరు ఉండిపోతే ఇంటిపేరు కూడా రెండుగా చీలిపోయిందన్నమాట. దక్షిణాదిన కూడా కొన్ని కుటుంబాలు ‘మాది రి’ అని పట్టుబట్టాయి. 2007లో అక్కడి సుప్రీంకోర్టు నియమాలు సడలించి, కుటుంబ రిజిస్టరులో అలా రాసుకోవడానికి ఒప్పుకుంది.

ఇంగ్లీషులో ఇంకో చిక్కు. ఉట్టి ‘ఈ’ ఇంగ్లీషు కంటికి పేరులా కనపడదు. అందుకే తమకు తెలిసిన ‘లీ’ని అతికించారు. 1930లలో మెక్యూన్, రైషౌర్ అనే ఇద్దరు పండితులు చేసిన పద్ధతిలో అది ‘యీ’ అయింది. చరిత్ర పుస్తకాల్లో నేటికీ కనిపించేది ఇదే. 2000లో దక్షిణ కొరియా ప్రభుత్వం మరో పద్ధతి తెచ్చింది. దాని ప్రకారం రాస్తే ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం ఒక్కటే మిగలాలి. ఆ అక్షరానికి ఇంగ్లీషులో అర్థం ‘నేను’! ఒక జాతిలో లక్షలాది మంది ఇంటిపేరు ‘నేను’ అయితే ఎలా ఉంటుందో, అనత్త గురించి నాలుగు ముక్కలు విన్న మనకు వేరే చెప్పక్కర్లేదు. ప్రభుత్వం కూడా ఇంటిపేర్ల సంగతి తర్వాత చూద్దామని పక్కన పెట్టింది. జనం మటుకు పాస్‌పోర్టుల మీద ‘లీ’ అనే రాసుకుంటున్నారు. తెలుగువాడికి ఈ తిప్పలేవీ లేవు. మన అచ్చుల్లో నాలుగోది రాస్తే సరిపోతుంది.

(పార్క్ సంగతీ ఇలాంటిదే. చిన్నప్పుడు పేపర్లో చదివి, తోటకీ ఆ మనిషికీ ఏం సంబంధమా అనుకునేవాణ్ణి. ఆ పేరులో ‘ర’ లేనే లేదు. వాళ్లనేది ‘పక్’.)

రష్యా వైపు వలసపోయిన కొరియన్లను 1937లో స్టాలిన్ ప్రభుత్వం రైళ్లెక్కించి మధ్య ఆసియాకు తరిమింది. ఉజ్బెకిస్తాన్, కజక్‌స్తాన్‌లలో ఉన్న వాళ్ల సంతతిలో ఈ ఇంటిపేరు లీ, నీ, లీగాయ్ అని మూడు రకాలుగా కనిపిస్తుంది. లీగాయ్‌లో ‘గా’ అంటే ఇంటివారు అని. ‘మీరెవరు?’ అని రష్యా గుమస్తా అడిగితే ‘లీ వారం’ అన్నారు, అతను మొత్తం కలిపి రాసేసుకున్నాడు. మన ఊళ్లలో ఇంటిపేరుకు ‘వారు’ చేర్చి చెప్పుకోమూ? అచ్చం అలాగే.

ఇదంతా నాకు పట్టడానికి కారణం మా అమ్మాయి. కొరియా సీరియళ్లు చూసి చూసి ఆ లిపి నేర్చుకుంది. మూల అక్షరాలు ఇరవై నాలుగే, నాకూ నేర్పింది. ఆ లిపిని 1443లో తయారుచేయించిన సేజొంగ్ రాజు ఇంటిపేరు కూడా ‘ఈ’యే. ఆ అక్షరాల్లో వచ్చిన తొలి పుస్తకాల్లో ఒకటి బుద్ధుడి జీవితచరిత్ర. రాణి చనిపోతే ఆమె పేర 1447లో కొడుకు కూర్చాడు. ఇది తెలిశాక నాకు ఆ లిపి మీద గౌరవం ఇంకాస్త పెరిగింది.

అమ్మాయి డిగ్రీ అయిపోయింది. పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాలి. ఒకరోజు అడిగింది: “నాన్నా, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేయనా? లేకపోతే గౌతమ అని రాసుకోనా?” ఎందుకమ్మా అని నేను అడగలేదు. హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే దాని ఇంటిపేరు విని ఇంకో అమ్మాయి మంచం మార్చుకున్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. పట్నంలో ఇల్లు అద్దెకు అడిగితే మొదట పేరు, తర్వాత ఇంటిపేరు, అప్పటికీ తేలకపోతే “మీరు ఏమిట్లు?” అని మూడో ప్రశ్న. ఈ పత్రిక చదివేవాళ్లలో ఆ మూడో ప్రశ్న ఎదుర్కోనివాళ్లు ఎంతమంది ఉంటారు?

“కొరియాలో చూడు నాన్నా, వీధిలో వెళ్తుంటే ప్రతి ఏడో మనిషీ లీ. వాళ్ల ఇంటిపేరు విని ఎవరు ఏమని తెలుసుకుంటారు?” అంది. లెక్క దాదాపు నిజమే. 2015 జనాభా లెక్కల్లో ఈ ఇంటిపేరున్నవాళ్లు 73 లక్షలు. కిమ్, లీ, పార్క్ మూడూ కలిపితే జనాభాలో నూటికి 45 మంది దాకా. 2000 లెక్కల్లో దేశం మొత్తానికి ఉన్న ఇంటిపేర్లు 286. మన ఒక్క మండలంలోనే అంతకంటే ఎక్కువ ఉంటాయేమో. ఒక రాజవంశం పేరు అంతమందికి ఎలా వచ్చిందో చూద్దామని కూర్చున్నాను.

ఈ ఇంటిపేరు పుట్టిన చోట్లు చాలా ఉన్నాయి. కొరియావాళ్లు ఇంటిపేరుకు ముందు మూలస్థానం పేరు చేర్చి చెబుతారు. గ్యొంగ్‌జు లీ వారు, జొన్‌జు లీ వారు, ఇలా. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ల పేర్లే కాబట్టి ఇది మనకు కొత్తగా తోచదు. గ్యొంగ్‌జు వారి మూలపురుషుడు అల్‌ప్యొంగ్ ఆకాశం నుంచి ఒక బండ మీదికి దిగాడట. సిల్లా రాజు క్రీ.శ. 32లో ఆరు గ్రామాల పెద్దలకు ఇంటిపేర్లు పంచాడనీ, వాటిలో ఇదొకటనీ పన్నెండో శతాబ్దపు చరిత్రగ్రంథం సంగుక్ సాగి చెబుతుంది. కానీ ఆరో శతాబ్దం మొదట్లో సిల్లావాళ్లు వేయించిన రాతి శాసనాల్లో మనుషుల పేర్లున్నాయి, ఇంటిపేర్లు లేవు. చైనా తరహా ఇంటిపేర్లు ఆ తర్వాత రాజకుటుంబంతో మొదలై పెద్దింటివాళ్లలోకి దిగాయి. ఆకాశం నుంచి దిగిన తాతలు పెద్ద కులాలకు మన దేశంలోనే ఉంటారనుకోవద్దు.

నాకు నచ్చింది హ్వాసన్ లీ వారి కథ. చాలా చిన్న కుటుంబం. వాళ్ల మూలపురుషుడు వియత్నాం రాజకుమారుడు, లీ లాంగ్ తువాంగ్. అక్కడ లీ వంశాన్ని కూలదోసి వేరొకరు గద్దెనెక్కితే 1226లో పడవెక్కి పారిపోయి కొరియా పడమటి తీరంలో దిగాడు. ఆ వియత్నాం లీ వంశాన్ని 1009లో స్థాపించినవాడు బౌద్ధ విహారంలో పెరిగినవాడు. లీ అనే భిక్ఖువు చేరదీసి పెంచితే ఆయన ఇంటిపేరే పిల్లవాడికి వచ్చిందని అక్కడి చరిత్రలు రాశాయి. అంటే భిక్ఖువు దగ్గర దొరికిన పేరు రాజవంశమై, రెండు వందల ఏళ్లు ఏలి, చివరికి శరణార్థిగా ఇంకో దేశం చేరిందన్నమాట.

కొరియాను ఏలింది జొన్‌జు వారు. 1392లో యీ సొంగ్‌గ్యే చోసన్ రాజ్యం స్థాపించాడు, 1910లో జపాను కబళించేదాకా అది ఆ ఇంటి చేతుల్లోనే ఉంది. స్థాపకుడికి ముహక్ అనే భిక్ఖువు ఆప్తుడు. అయినా కన్ఫ్యూషియస్ మతపు పండితులదే పైచెయ్యి అయింది. విహారాల భూములు లాక్కున్నారు. భిక్ఖువులు రాజధానిలో అడుగుపెట్టకూడదన్నారు, ఆ నిషేధాన్ని ఎత్తేసింది 1895లో. నీచులని లెక్కగట్టిన జనంలో బానిసలు, మంత్రగత్తెలు, పాడె మోసేవాళ్లు, పశువుల్ని కోసే పెక్‌జొంగ్‌లు ఉన్నారు. వాళ్ల వరసలోనే భిక్ఖువులు. ఈ జాబితా చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసేశాను. చీవరం కట్టినవాడినీ, చర్మం ఒలిచినవాడినీ ఒకే మూలకు నెట్టినవాళ్లు అక్కడా ఉన్నారు.

ఆ బానిసల్ని నోబి అనేవారు. తల్లి నోబి అయితే బిడ్డ నోబి. ఇళ్ల లెక్కల దస్తాల్లో వాళ్లకు పేరుంటుంది గానీ ఇంటిపేరుండదు. పేర్లు కూడా ఎలాంటివంటే, కెట్టొంగ్ అని ఒకటి. కుక్కపెంట అని అర్థం. దిష్టి తగలకుండా మామూలు ఇళ్లలోనూ పిల్లలకు ఆ పేరు పెట్టేవారట, మన పెంటయ్యల్లాగే. తేడా ఏమిటంటే ఉన్నవాడి బిడ్డకు పెద్దయ్యాక అసలు పేరు వస్తుంది. లేనివాడు చచ్చేదాకా కెట్టొంగే. మన పల్లెల్లో పెంటయ్య చివరి ‘అయ్య’ కూడా ఊడిపోయి పెంటిగాడు ఎలా అవుతాడో మనకు తెలుసు. పెక్‌జొంగ్‌లకు ఇంకో కట్టడి: దయ, నీతి, మర్యాద, జ్ఞానం అనే అర్థాలిచ్చే అక్షరాలు వాళ్ల పేర్లలో ఉండకూడదు.

మరి పేరు ఎలా కిందికి వచ్చింది? ముందు డబ్బుతో వచ్చింది. పదహారో శతాబ్దం చివరి జపాను దండయాత్రలతో ఖజానా ఖాళీ అయితే ప్రభుత్వమే పదవీ పత్రాలు అమ్మింది. పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలేవారు, కొన్నవాడు తన పేరు రాసుకోవడమే. వంశవృక్షాల పుస్తకాల్ని జొక్‌పో అంటారు. వాటిలో చోటు కొనుక్కున్నవాళ్లు, కొత్తవి అచ్చేయించుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. తేగు ప్రాంతపు దస్తాలు చూసిన షికాటా హిరోషి అనే జపాను పరిశోధకుడు, 1690లో నూటికి 9 ఇళ్లు పెద్దకులం అని నమోదై ఉంటే 1858 నాటికి 70 అయ్యాయని తేల్చాడు. పెద్దకులంవాళ్లు అంతమందిని కన్నారా! పేరు రాసుకున్నారు, అంతే. 1801లో ప్రభుత్వ బానిసల దస్తాలు తగలబెట్టి 66 వేల మందికి పైగా విడుదల చేశారు. 1894లో పుట్టుక తేడాల్ని చట్టం రద్దుచేసింది. 1909లో కొత్త పౌర రిజిస్టరు చట్టం వచ్చి ప్రతి మనిషికీ ఇంటిపేరు ఉండి తీరాలంది. లేనివాళ్లు యజమాని పేరు రాయించుకున్నారు, లేదా చుట్టూ వినపడే కిమ్, లీ, పక్‌లలో ఒకటి. ఈ లీ వారు అప్పటి ఏలికలని తెలిసే రాయించుకున్నారు. ఎందుకు రాయించుకోకూడదు?

ఇక్కడిదాకా చదివి మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. “చూశావా, పేరు మారిస్తే అయిపోయింది.” అవలేదమ్మా, ఆగు అన్నాను.

పెక్‌జొంగ్‌లకు కూడా రిజిస్టర్లో ఇంటిపేరు వచ్చింది. దాని పక్కనే కసాయి అని రాశారు, లేదా ఎర్ర చుక్క పెట్టారు. బడిలో పిల్లవాణ్ణి చేర్చాలంటే ఆ కాగితం చూపించాలి. దక్షిణ తీరానికి దగ్గర్లో జింజు అనే ఊరుంది. అక్కడ యీ హాక్‌ఛన్ అనే మాంసం వ్యాపారి, బాగా కలిగినవాడు, కొడుకును బడిలో వేయబోతే చేర్చుకోలేదు. ఆయన ఇంటిపేరు చూడండి, రాజుగారి ఇంటిపేరే! 1923 ఏప్రిల్‌లో ఆయన, ఇంకో పెక్‌జొంగ్ జాంగ్ జిపిల్, పెద్దకులం నుంచి వచ్చిన కాంగ్ సాంగ్‌హో తదితరులు కలిసి హ్యొంగ్‌ప్యొంగ్‌సా అనే సంఘం పెట్టారు. హ్యొంగ్ అంటే త్రాసు. మాంసం తూచేవాళ్లు తమ సంఘానికి త్రాసు పేరే పెట్టుకున్నారు. అవమానపు పిలుపులు పోవాలి, పిల్లలకు బడి కావాలి అన్నారు. ఊరివాళ్లు వీళ్ల దగ్గర మాంసం కొనబోమని కట్టుబాటు చేశారు. 1925లో యెచొన్‌లో సంఘం మీద గుంపులు పడి కొట్టాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1927లో, బాబాసాహెబ్ మహాడ్ చెరువుకు నడిచారు. జింజుకీ మహాడ్‌కీ ఉత్తరాలు నడవలేదు. ఒకే గాలి వీచినట్టుంది.

అంటే ఇంటిపేరు దొరికాక కూడా ముప్ఫై నలభై ఏళ్లు కులం కులంగానే ఉంది. ఎందుకంటే ఊరికి తెలుసు. ఎవరి తాత ఎవరింట్లో పనిచేశాడో ఊరు మరిచిపోదు, రిజిస్టర్లో ఏం రాసినా సరే. 1940లో జపాను ప్రభుత్వం అందరినీ జపాను తరహా పేర్లు పెట్టుకోమని బలవంతపెడితే జనం పెట్టుకున్నారు, 1946లో పాతవి తిరిగి తెచ్చుకున్నారు. ఆ తర్వాత భూసంస్కరణ వచ్చింది, 1950లో యుద్ధం వచ్చింది. మూడేళ్లలో ఊళ్లకు ఊళ్లు కదిలి ఎక్కడెక్కడో పడ్డాయి. తర్వాత జనం ఫ్యాక్టరీల కోసం సోల్‌కు, బూసాన్‌కు పోయారు. అప్పుడు, ఊరు చెదిరాక, ఎవరు రాజుగారి లీ, ఎవరు కసాయి లీ అన్నది చెప్పేవాళ్లు లేకుండా పోయారు. పేరు దానికి పనికొచ్చింది, ఊరు పోయాకే పనికొచ్చింది. మన ఊరు పోలేదు. మనతో పాటు పట్నం వచ్చి, అపార్ట్‌మెంటు లిఫ్టులో నిలబడి ఇంటిపేరు అడుగుతోంది. అమెరికా పోయినవాళ్ల వెంట విమానమెక్కి అక్కడికీ పోయింది.

పోలికను మరీ లాగకూడదు. నోబి వ్యవస్థ కులం కాదు, అంటు అనేది పెక్‌జొంగ్‌ల దగ్గరే గట్టిగా కనిపిస్తుంది. పెళ్లి విషయంలో కొరియావాళ్ల పట్టింపు కూడా మన కులానికి తిరగేసినట్టుంటుంది. ఒకే మూలస్థానం, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు పెళ్లాడకూడదని 2005 దాకా చట్టమే ఉండేది. 2015లో జొన్‌జు లీ వారు 26 లక్షలు! అంతమందిలో ఎవరినీ చేసుకోకూడదంటే ప్రేమించినవాళ్ల గతేమిటి? 1997లో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టం చెల్లదంది.

మన దగ్గర పేరు మార్చుకుని చూసినవాళ్లు లేకపోలేదు. హైదరాబాదులో మాదరి భాగయ్యగా పుట్టినాయన భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. పేరు మార్చుకుని ఆయన దాక్కోలేదు. 1917లో బెజవాడలో పంచముల సభకు అధ్యక్షత వహించి, ఆ సభకే ఆది ఆంధ్ర అని పేరు మార్పించాడు. బుద్ధజయంతులు కూడా జరిపించాడు. నా లెక్కలో పేరు మార్చుకోవడానికీ దాచుకోవడానికీ ఉన్న తేడా అది.

సంఘంలో మాత్రం పేరు సంగతి మొదటినుంచీ వేరు. గంగ, యమున, అచిరవతి, సరభు, మహి సముద్రంలో కలిశాక పాత పేర్లు పోగొట్టుకుంటాయని భగవానుడు ఉదానంలో చెప్పాడు. ఏ వర్ణం నుంచి వచ్చినా సంఘంలో చేరితే శాక్యపుత్రులే. దీన్ని అక్షరాలా అమలుచేసినవాడు నాలుగో శతాబ్దపు చైనా భిక్ఖువు దావో ఆన్. భిక్ఖువులందరికీ ఒకటే ఇంటిపేరు, శాక్య, అన్నాడు. చైనాలో ‘షి’, కొరియాలో ‘సొక్’, వియత్నాంలో ‘థిచ్’. థిచ్ నాట్ హన్ పేరు ముందున్నది అదే. ఇన్ని స్పెల్లింగులున్నా ఒకే ఇల్లు. కొరియాలో 1981 నుంచి 1993 దాకా జోగ్యే సంఘనాయకుడుగా ఉన్న సొంగ్‌ఛొల్ గృహస్థుగా ఉన్నప్పుడు యీ యొంగ్‌జు. జింజుకు దగ్గర్లోని సాంఛొంగ్‌లో 1912లో పుట్టాడు. యీ హాక్‌ఛన్ కొడుకును బడి నుంచి పంపేసిన నాటికి ఆయనకూ బడికెళ్లే వయసే. ఒకే ప్రాంతంలో ఒకే ఇంటిపేరు ఒకరిని కాపాడలేదు, ఒకరు దాన్ని వదిలేసి వెళ్లిపోయారు.

మా అమ్మాయి భిక్ఖుణి కావడం లేదు, పాస్‌పోర్టు తీసుకుంటోంది. మా నాన్నను బడిలో వేసినప్పుడు ఇంటిపేరు రాయాల్సిన చోట పంతులు కులం పేరు రాశాడు. దాన్ని కొట్టేయించి ఇంటిపేరు రాయించడానికి మా నానమ్మ మూడుసార్లు నాలుగేసి కోసులు నడిచింది. ఈ సంగతి అమ్మాయికి చెప్పాను. అప్పటినుంచి గౌతమ మాట ఎత్తలేదు. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా కాదు, పూర్తిగా రాస్తానంటోంది. నేనేమీ అనలేదు. హాస్టలు సంగతి మరిచిపోయి కాదు. అది దాని పేరు, అదే తేల్చుకోవాలి.

ఇప్పుడు చిక్కల్లా స్పెల్లింగే. మా నాన్న సర్వీసు పుస్తకంలో మా ఇంటిపేరు ఇంగ్లీషులో ఒకలా ఉంది. నా పదో తరగతి సర్టిఫికెట్లో ‘హెచ్’ ఒకటి ఎక్కువ. దాని ఆధార్‌లో చివరి అక్షరమే లేదు. మూడింట్లో ఏది రాయాలో తేలక దరఖాస్తు బల్ల మీదే ఉంది.